ఇంటినిండా లేసు అల్లేవాళ్లే, నాకు మాత్రం నిట్టింగ్ పట్టుబడట్లేదు. ఎవరైనా చెప్తారా?

చెరువుగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీ చేస్తాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకోవడం, కరెంటు పోతే జనరేటర్ వెయ్యడం, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకి కునుకు తియ్యకుండా ఉండడం. పని తక్కువ, మెలకువ ఎక్కువ. ఫోన్ చూస్తూ కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. చేతిలో పని ఉంటే రాదు. అందుకని నిట్టింగ్ (రెండు సూదులతో ఊలు అల్లడం) మొదలుపెట్టాను. నవ్వేవాళ్లు నవ్వేసుకోండి, ఏమీ అనుకోను.

మా ఇంట్లో లేసు, అంటే కొక్కెం సూదితో నూలు దారం అల్లడం, అందరికీ వచ్చు. మామ్మకైతే చూపు ఆనకపోయినా వేళ్లు ఆగవు. వేసవి సెలవుల్లో అక్కతోపాటు నన్నూ కూర్చోబెట్టి చైను, చిన్న పువ్వు నేర్పింది. అవి ఇప్పటికీ చేతిలో ఉన్నాయి. మా బావ ఆర్మీలో చేస్తాడు, ఇప్పుడు పోస్టింగ్ పంజాబ్‌లో పఠాన్‌కోట్. అక్కా పిల్లలూ అక్కడే. చలికాలం వచ్చేలోపు అక్కకో మఫ్లర్ అల్లి పంపాలని నా ఆశ. లేసుతో చలి ఆగదు కదండీ. మామ్మని అడిగితే "రెండు సూదులది నాకు రాదురా, అది దొరసానుల పని" అంది. మరి మనకి లేసు నేర్పిందీ ఆ దొరసానులే కదే అంటే నవ్వేసి లోపలికెళ్లిపోయింది.

వీడియోలు చూసి మొదలుపెట్టా. వీడియోలో 8 నంబరు సూదులన్నారు. భీమవరంలో ఫ్యాన్సీ షాపుకెళ్లి 8 నంబరు అడిగి తెచ్చుకున్నా. చూస్తే వీడియోలో సూదులకీ వీటికీ పోలికే లేదు, ఇవి బాగా సన్నం. షాపాయన మోసం చేశాడా, నేనే సరిగ్గా అడగలేదా తెలియట్లేదు. ఊలు నల్లది తీసుకున్నా, మాసినా కనపడదు కదా అని.

సూది మీద 20 కుట్లు వేసుకుని పైకి వెళ్లేసరికి 26 అవుతున్నాయి. ఎక్కడ పుడుతున్నాయో తెలీదు, మఫ్లర్ కాస్తా విసనకర్రలా విచ్చుకుంటోంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ (ఇందులో రెండు రకాల కుట్లు ఇవే) వేస్తుంటే రెండు పక్కలా అంచులు లోపలికి చుట్టుకుపోతున్నాయి. అరచేత్తో అదిమి పట్టుకున్నంతసేపే తిన్నగా ఉంటుంది. నాలుగైదు వరసలయ్యాక కుట్లు ఎంత బిగుసుకుపోతాయంటే సూది దూరదు. మొన్న జనరేటర్ వెయ్యడానికి లేచిన కంగారులో ఒక కుట్టు సూది మీంచి జారింది. వచ్చి చూస్తే కింద దాకా నిచ్చెన మెట్లలాగా విడిపోయి ఉంది. మొత్తం లాగేశా.

లేసు వచ్చినవాళ్లకి ఇది తొందరగా రావాలి కదా? నాకు ఇంకా కష్టంగా ఉందేంటి?

వశిష్ఠ ఒడ్డు:

తమ్ముడూ, లేసు వచ్చు కాబట్టే కష్టంగా ఉంది. నేనూ నరసాపురం దానినే. పెళ్లయ్యాక చాలాకాలం డెహ్రాడూన్‌లో ఉన్నాం. అక్కడ నవంబరు వచ్చిందంటే ఆడవాళ్లందరూ మధ్యాహ్నం ఎండలో కుర్చీలు వేసుకుని, సూదుల వైపు చూడనైనా చూడకుండా, కబుర్లు చెప్పుకుంటూ స్వెటర్లు లేపేస్తారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నా. అంతకుముందు నాకు తెలిసిందల్లా మన లేసే. కాబట్టి నీ చెయ్యి ఎక్కడ పట్టేస్తోందో నాకు తెలుసు.

షాపాయన మోసం చెయ్యలేదు. మన దగ్గర సూదులు ఎక్కువగా పాత ఇంగ్లండు నంబర్లతో అమ్ముతారు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. నువ్వు చూసింది అమెరికా వాళ్ల వీడియో అయ్యుంటుంది. వాళ్లకి నంబరు పెరిగితే సూది లావవుతుంది. వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు, మన షాపులో అది 6 నంబరు. నంబరు గొడవ వదిలేసి మిల్లీమీటర్లు చూసుకో. నీ దగ్గరున్న 4 మిల్లీమీటర్లవి మామూలు మధ్యరకం ఊలుకి సరిపోతాయి, పారెయ్యకు.

ఇక బిగుతు. లేసులో సూది మీద ఉండేది ఒక్క కుట్టే. మిగతావన్నీ అప్పటికే ముడిపడి కూర్చుంటాయి, అందుకే మామ్మ ప్రతి కుట్టుకీ దారం సర్రున లాగుతుంది. అలా లాగితేనే లేసు నిలబడుతుంది, షావుకారు వంక పెట్టకుండా తీసుకుంటాడు. నిట్టింగ్‌లో ఆ వరసలో ఉన్న కుట్లన్నీ ప్రాణంతో ఉంటాయి. మళ్లీ తిరిగి వచ్చినప్పుడు వాటిలో ఒక్కోదాంట్లోకీ ఇంకో సూది దూరాలి. నువ్వు మామ్మ లాగినట్టు లాగితే ఎక్కడ దూరుతుంది? ఇంకోటి, లేసు అలవాటున్నవాళ్లు పనంతా సూది మొన మీదే కానిచ్చేస్తారు. మొన సన్నగా ఉంటుంది, అక్కడ పుట్టిన కుట్టు కూడా సన్నంగానే పుడుతుంది. కొత్త కుట్టు పడగానే దాన్ని సూది లావుగా ఉన్న చోటికి జరుపు. కుట్టు సైజు నిర్ణయించేది సూది లావు, నీ బలం కాదు. కుట్టు అయ్యాక దారం లాగడం పూర్తిగా మానెయ్. వదులుగా, అసహ్యంగా ఉన్నా పర్లేదు, నాలుగు జానలు అల్లేసరికి అదే సర్దుకుంటుంది.

దారం ఎడమ చేత్తో పట్టుకో. వీడియోల్లో చాలామంది కుడి చేత్తో పట్టుకుని సూది చుట్టూ తిప్పుతారు. నీకది అక్కర్లేదు. లేసు అల్లేటప్పుడు దారం ఎడమ చూపుడువేలి మీద ఎలా ఉంటుందో అలాగే పెట్టు. నిట్ కుట్టుకి దారం వెనక ఉండాలి. కుడి సూదిని, ఎడమ సూది మీద ముందున్న కుట్టులోకి, దాని ఎడమ పక్క నుంచి, ముందు నుంచి వెనక్కి దూర్చు. వెనక వేలి మీద ఉన్న దారాన్ని మొనతో ఏరుకుని ఆ కుట్టులోంచి ముందుకి తెచ్చుకో. తర్వాత పాత కుట్టుని ఎడమ సూది మీంచి వదిలెయ్. లేసులో చేసేది ఇంచుమించు ఇదే కదా, కొక్కెం లేదంతే.

చిక్కంతా పర్ల్ దగ్గరే. పర్ల్‌కి దారం ముందు ఉంటుంది, సూది కుట్టు కుడి పక్క నుంచి దూరి మొన నీ వైపుకి వస్తుంది. అప్పుడు దారం సూది మీది నుంచి కిందికి వెళ్లాలి. లేసు చెయ్యి ఏం చేస్తుందంటే, దారాన్ని కింద నుంచి లాక్కుంటుంది. అది తేలిక కూడాను. కానీ అలా చేస్తే కుట్టు సూది మీద తిరగబడి కూర్చుంటుంది. తర్వాతి వరసలో దాన్ని మామూలుగా నిట్ చేస్తే మెలితిరిగిపోతుంది. నీ బిగుతుకి సగం కారణం ఇదే అయ్యుంటుందని నా అనుమానం. సూదిని వెలుతురులో పెట్టి చూడు. ప్రతి కుట్టుకీ రెండు కాళ్లుంటాయి, ఒకటి సూదికి ముందు, ఒకటి వెనక. ముందున్నది కుడి కాలైతే కుట్టు సరిగ్గా ఉన్నట్టు. ఎడమ కాలు ముందుకొచ్చి ఉంటే తిరగబడినట్టు. అప్పుడు లాగెయ్యక్కర్లేదు, ఆ కుట్టుని వెనక కాలిలోంచి నిట్ చేస్తే సర్దుకుంటుంది.

20 కుట్లు 26 ఎందుకవుతున్నాయో కూడా చూడకుండానే చెప్తా. వరస మొదట్లో నిట్ వేసేటప్పుడు దారాన్ని సూది మీదుగా వెనక్కి వేస్తున్నావు. దాంతో మొదటి కుట్టు పైకి లాగబడి రెండు కాళ్లూ సూది మీదికొచ్చి రెండు కుట్లలా కనపడతాయి. నువ్వు రెండూ అల్లేస్తావు. దారం ఎప్పుడూ సూది కింద నుంచే వెనక్కి వెళ్లాలి. వరస మధ్యలో చిన్న కన్నం పడి కుట్టు పెరిగితే అది వేరే సంగతి. పర్ల్ తర్వాత దారాన్ని వెనక్కి తేకుండానే నిట్ వేశావన్నమాట.

కుట్టు జారినందుకు మొత్తం లాగేశానన్నావు చూడు, అక్కడ నాకు మనసు చివుక్కుమంది. ఇంట్లో అన్ని లేసు సూదులు పెట్టుకుని! డెహ్రాడూన్‌లో మా పక్కింటివాళ్లు కుట్టు జారితే నన్నే పిలిచేవారు, లేసు సూది ఉన్నదాన్ని కాబట్టి. బట్టని నిట్ వైపు తిప్పుకో. కింద వేలాడుతున్న కుట్టులోకి లేసు సూది ముందు నుంచి దూర్చు. దాని పైన అడ్డంగా ఉన్న మొదటి మెట్టు దారాన్ని కొక్కేనికి తగిలించి కుట్టులోంచి లాగు. తర్వాత పై మెట్టు, తర్వాత దాని పైది. పైదాకా వచ్చాక సూదికెక్కించెయ్, కుడి కాలు ముందుండేలా. చైను వేసినవాడివి, నీకు నిమిషం పట్టదు. మామ్మ సన్నదారం సూది పనికిరాదు, ఊలు పట్టే లావుది కావాలి.

రాత్రిపూట బల్బు కింద నల్ల ఊలు మీద నేర్చుకోవాలన్న ఆలోచన ఎవరిచ్చారు బాబూ? కుట్టు కాళ్లు నాకే కనపడవు. లేత రంగు తీసుకో.

కుర్రకుంక:

బాబాయ్, డీవో (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయిందంటే పర్ల్ వెయ్యాలా నిట్ వెయ్యాలా? ఆయ్, సరదాకే అన్నానండి. మేత కలిపిన చేత్తో అల్లితే మాత్రం పఠాన్‌కోట్‌లో పిల్లులన్నీ మీ అక్కగారింటికొచ్చేస్తాయి, చేతులు కడుక్కోండి.

మగాళ్లు అల్లుతారా అని ఇక్కడ ఎవరైనా మొదలెడతారేమో, ముందే చెప్పేస్తున్నా. మేజోళ్లు అల్లే మిషను 1589లో కనిపెట్టినాయన విలియం లీ అని ఇంగ్లండు పాదిరీ. క్విజ్ పోటీలకి బట్టీ పట్టింది ఇన్నాళ్లకి పనికొచ్చింది.

గోదావరి గట్టు టీచరమ్మ:

రాజమండ్రిలో పిల్లలకి కుట్లు, అల్లికలు నేర్పుతానండి. అంచులు చుట్టుకుపోవడం గురించి పై అక్కగారు చెప్పలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

మీరు వేసుకున్న బనీను ఒకసారి విప్పి చూడండి. అది నిట్టింగే. తిరుపూరు మిషన్ల మీద అల్లింది. బయటి వైపు దగ్గరగా చూస్తే నిలువు గీతల్లో చిన్న చిన్న వి ఆకారాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అది నిట్ ముఖం. లోపలి వైపు అడ్డంగా చిన్న చిన్న వంపులు, బొడిపెల్లాగా. అది పర్ల్ ముఖం. మీరు ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే తయారయ్యేది సరిగ్గా ఈ గుడ్డే, సన్నదారానికి బదులు ఊలుతో. ఇప్పుడు పాత బనీను ఒకటి తీసుకుని కింద కుట్టు ఉన్న అంచు కత్తిరించి కాస్త లాగి వదలండి. కత్తిరించిన అంచు బయటి వైపుకి చుట్టుకుంటుంది. పక్క నిలువుగా కత్తిరిస్తే అది లోపలి వైపుకి చుట్టుకుంటుంది. మీ మఫ్లర్‌లో జరిగేదీ అదే. కుట్లన్నీ ఒకే ముఖానికి ఉన్నప్పుడు దారం తిన్నబడాలని చూస్తుంది, ఆ లాగుడుని ఆపేవాడు ఇంకో వైపు లేడు. మీ చేతిలో లోపం కాదు. ఎంత బాగా అల్లినా చుట్టుకుంటుంది.

అందుకే మఫ్లర్‌కి ఆ అల్లిక వద్దు. ప్రతి వరసా నిట్టే వెయ్యండి, పర్ల్ జోలికే పోవద్దు. రెండు వైపులా ఒకేలా అడ్డగట్లు వస్తాయి, ఒక గట్టు అంటే రెండు వరసలు, లెక్కకీ సుళువు. చుట్టుకోదు, తిన్నగా పడుకుంటుంది. దళసరిగా కూడా ఉంటుంది, చలికి అదే కదా కావాల్సింది. పర్ల్ బాగా వచ్చాక, ఒకే వరసలో రెండు నిట్, రెండు పర్ల్ మార్చి మార్చి వెయ్యండి. అదీ చుట్టుకోదు, పైగా సాగుతుంది. స్వెటర్ నడుం దగ్గర, మణికట్టు దగ్గర ఉండే పట్టీ అదే.

ఒక్క విషయంలో నేను అక్కగారితో ఏకీభవించను. ఎడమ చేతి పద్ధతి లేసు వాళ్లకి తేలికే, ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర దొరికే వీడియోలు, పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఎక్కువమంది కుడి చేతివాళ్లే. చూసింది ఒకటి, చేసేది ఇంకొకటి అయితే కొత్తవాళ్లు తికమక పడతారు. ఒక మూర అల్లేదాకా వీడియోలో ఉన్నట్టే చెయ్యమని నా సలహా.

వశిష్ఠ ఒడ్డు:

టీచరుగారూ, ఈ అబ్బాయికి పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఎవరూ లేరు కదండీ, ఉన్నది మామ్మ ఒక్కతే. ఆవిడ పట్టేది ఎడమ చేత్తోనే. ఎడమ చేతివాళ్ల వీడియోలూ ఉన్నాయి, కాంటినెంటల్ అని కొడితే వస్తాయి. బనీను సంగతి మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడే ఒకటి కత్తిరించి చూశా. మా ఆయన ఇంకా చూడలేదు.

చెరువుగట్టు:

అందరికీ దండాలండి. సూది మీద కుట్ల కాళ్లు చూశాను. పర్ల్ వరస తర్వాత అన్నీ ఎడమ కాళ్లే ముందున్నాయి! అక్క చూడకుండా ఎలా చెప్పారో గానీ. రాత్రి ప్రతి వరసా నిట్టే వేస్తూ కూర్చున్నా, ఎడమ చేతి పట్టుతోనే. (టీచరుగారూ కోపగించుకోకండి, నా వేలు దానంతటదే వెళ్లిపోతోంది.) 20 కుట్లు 20గానే ఉన్నాయి. మామ్మ వచ్చి వేళ్లతో తడిమి "ఇది గుడ్డలా ఉంది గానీ లేసులా లేదురా" అంది.

ఇంకా కొన్ని అడగాలి. అసలు మఫ్లర్‌కి ఎన్ని కుట్లు వేసుకోవాలి? మొదట కుట్లు వేసుకునేటప్పుడు తోక దారం (వాటికోసం ముందే వదిలిపెట్టే కొస) మధ్యలో అయిపోతోంది, ఎంత వదలాలి? ఇంట్లో లేసు దారం ఉండలు బోలెడున్నాయి, అవి వాడొచ్చా? పొడుగు సూదులు ప్లాస్టిక్ కుర్చీ చేతులకి కొట్టుకుంటున్నాయి, దానికేమైనా ఉపాయం ఉందా?

గోదావరి గట్టు టీచరమ్మ:

కోపం ఎందుకండీ, కుట్లు నిలబడ్డాయి, అది చాలు.

లేసు దారం నూలుది, మరీ సన్నం. నాలుగైదు పోగులు కలిపినా సాగదు, చలికీ ఆగదు. టీ కప్పు కింద పెట్టుకునే గుడ్డలు అల్లి చెయ్యి తిప్పుకోవడానికి పనికొస్తుంది.

మఫ్లర్‌కి మధ్యరకం ఊలు, అంటే డీకే అని రాసి ఉండేది తీసుకోండి. 4 మిల్లీమీటర్ల సూది మీద చాలామందికి 10 సెంటీమీటర్లకి 22 కుట్ల దగ్గర పడతాయి. జానెడు వెడల్పుకి 44 వేసుకోవచ్చు. అయితే మీ చెయ్యి అందరి చెయ్యీ కాదు. ముందు 30 కుట్లతో ఒక చదరం అల్లి, మధ్యలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్నున్నాయో లెక్కపెట్టి, దాన్నిబట్టి వేసుకోండి. అంచుల దగ్గర కొలవకండి, అక్కడ కుట్లు నిజం చెప్పవు. మెడకి ఒక చుట్టు తిప్పి రెండు వైపులా వేలాడాలంటే 150 సెంటీమీటర్ల పొడవుండాలి. 200 గ్రాములు దగ్గర పెట్టుకోండి. ఉండలన్నీ ఒకేసారి, లేబుల్ మీద ఒకే లాట్ నంబరు ఉన్నవి చూసి కొనండి. లాట్ మారితే రంగులో తేడా షాపులో కనపడదు, మెడలో వేసుకున్నాక పగటి వెలుతురులో కనపడుతుంది.

తోక దారానికి, ఊలుని సూది చుట్టూ పది చుట్లు చుట్టి విప్పి కొలవండి. పది కుట్లకి ఇంచుమించు అంత పడుతుంది. దాన్నిబట్టి లెక్కకట్టి, పైన ఒక జానెడు ఎక్కువే వదలండి.

వశిష్ఠ ఒడ్డు:

కుర్చీకి ఉపాయం నేను చెప్తా. రెండు మొనల మధ్య ప్లాస్టిక్ తీగ ఉండే గుండ్రం సూది అడుగు. దాంతో గుండ్రంగానే అల్లాలని లేదు, వరస అయ్యాక తిప్పి పట్టుకుని మామూలుగా అల్లుకోవచ్చు. బరువంతా ఒళ్లో పడుతుంది, చేతులు నొప్పెట్టవు. జనరేటర్ కోసం లేవాల్సొస్తే కుట్లన్నీ తీగ మధ్యకి తోసేసి లెయ్, ఒక్కటి జారదు. ఉక్కపోతకి అరచెయ్యి చెమటపట్టి అక్రిలిక్ ఊలు అల్యూమినియం సూదికి పట్టుకుంటోందనుకో, పక్కన పొడి గుడ్డ పెట్టుకో.

చివరి వరస ముగించేటప్పుడు, రెండు కుట్లు నిట్ చేసి మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదలాలి, మళ్లీ ఒకటి నిట్, మళ్లీ దాటించు. లేసు చెయ్యి అక్కడ మళ్లీ బిగించేస్తుంది. కుడి చేతిలోకి ఒక సైజు లావు సూది తీసుకో, వదులుగా వస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకో. మన ఫ్యాన్సీ షాపుల్లో ఊలంటే చాలావరకు అక్రిలిక్కే. ఇస్త్రీ పెట్టె తగిలించావంటే చచ్చిపోయిన గుడ్డలా వేలాడిపోతుంది, ఇక లేవదు. చల్లటి నీళ్లలో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, చాప మీద పరిచి ఆరబెట్టు. తాడు మీద వేస్తే సాగిపోతుంది. ముసురు పట్టినప్పుడైతే ఫ్యాను కింద వెయ్, లేకపోతే వాసనొస్తుంది.

చెరువుగట్టు:

సరేనక్కా. రేపు భీమవరం వెళ్తా. ముదురు ఎరుపు అనుకుంటున్నా, రాత్రిపూట కుట్లు కనపడతాయా, లేకపోతే గోధుమ రంగు తీసుకోనా?

వశిష్ఠ ఒడ్డు:

నేర్చుకునే చదరానికి గోధుమ రంగు ఒక్క ఉండ తీసుకో. మఫ్లర్ రంగు మీ అక్కకి ఫోన్ చేసి అడుగు, వేసుకునేది తను.